కొసరు పోయిన తలుపు

ముందు, ఒక కారు బాగుచేయడంలో పోయినవి రాస్తాను. నాలుగు స్పానర్లు: అంగుళాల లెక్కన చేసిన బోల్టులకు మిల్లీమీటర్ల స్పానర్లు పెట్టి తిప్పినందుకు వాటి నోళ్లు విచ్చుకున్నాయి. వేగం చూపే మీటరు అద్దం. ఇప్పుడు ఆ చోట కళ్లద్దాల దుకాణంలో కోయించిన అద్దం ఉంది. హోసూరులో మా ఇంటి వరండాలో స్కూటరు నిలిపే జాగా, పద్నాలుగు నెలలు. నా ఎడమ బొటనవేలి గోరు. చెదలు తిన్న పాత తలుపు. మా అక్క టేకు మంచం. వీటిలో గోరు మాత్రం తిరిగి వచ్చింది.

కారు మా బావది, అంటే అక్క భర్తది. పైకప్పు లేని, రెండే సీట్లున్న పాత ఇంగ్లండు కారు. బర్గూరులో గ్రానైటు పలకల వ్యాపారం చేసిన ఆయన తండ్రి ముచ్చటపడి కొన్నాడు. ఆ పెద్దాయన ఉన్నన్నాళ్లూ నడిపేది ఆయన, పక్కన కూర్చునేది మా బావ. ఇంటి ఆడవాళ్లు కారు తుడిచేవాళ్లు, ఎక్కేవాళ్లు కాదు. అక్క ఆ ఇంటికి కోడలుగా వెళ్లి ముప్పయ్యేళ్లు దాటింది. పెద్దాయన పోయాక కారు పలకల షెడ్డులో టార్పాలిన్ కింద ఉండిపోయింది.

దాన్ని మా వరండాకు తెచ్చి బాగుచేద్దామన్నది నేను. నేను ఇంజనీరును కాను. పదో తరగతితో బడి మానేసి, మిగతా లెక్కలు సొంతంగా నేర్చుకుని, చిన్న ఫ్యాక్టరీలకు పద్దులు రాసి బతుకుతున్నవాణ్ణి.

ఇంజను అనుకున్నంత ఏడిపించలేదు. బిగుసుకుపోయిన పిస్టన్ల మీద డీజిలు పోసి కొన్ని వారాలు వదిలేస్తే అవే కదిలాయి. చిక్కు ఎడమ తలుపు దగ్గర వచ్చింది. ఈ రకం కార్లకు రేకు లోపల చెక్క చట్రం ఉంటుందని, రేకు ఒలిచేదాకా బావకూ నాకూ తెలియదు. లోపల చెక్క కొంత, చెదమట్టి ఎక్కువ.

వడ్రంగి వచ్చి చూశాడు. "కొత్త కట్టె పెడితే వానకాలానికి వంకర తిరుగుతుంది సార్. ఇంట్లో ఏండ్ల తరబడి ఆరిన టేకు కావల" అన్నాడు.

అక్క ఆ వేళ మా ఇంట్లోనే ఉంది. "నా మంచం పట్టెలు కోసుకోండప్పా" అంది. బావను చూపిస్తూ, "అయితే ఒక మాట. బండి లేచిన రోజు ఎడమ సీటు నాది. ఈయప్ప నడపల, నేను పక్కన కూర్చోవల, కృష్ణగిరి దాకా పోవల."

"మంచం ఇచ్చేసి నువ్వు యాడ పడుకుంటావు?" అన్నాడు బావ.

"నేల యాడికీ పోలేదు గదా. ముప్పై ఏండ్లు ఆ బండి పక్కన గుడ్డ పట్టుకోని నిలబడినాను. పడుకునేదానికేమి కష్టం?"

కొలతలు బావ తీశాడు. తండ్రి తర్వాత రోజూ పలకల మీద టేపు పట్టే చేయి అది. ఆయన చెప్పింది నేను రాశాను. తలుపు పైపట్టె డెబ్బై ఒకటి సెంటీమీటర్లు, కిందిపట్టె డెబ్బై ఒకటి. రెండూ సమానంగా ఉన్నాయి కాబట్టి లెక్క సరిపోయిందనుకున్నాను. పుచ్చిన పాత పట్టెలు ఆ సాయంత్రమే నీళ్ల పొయ్యిలోకి వెళ్లాయి. మంచం పట్టెలతో వడ్రంగి చట్రం చేశాడు, టింకరింగు ఆయన దాని మీద కొత్త రేకు మడిచి బిగించాడు. తలుపు తెచ్చి వేలాడదీస్తే గడియ అందలేదు.

స్కేలు పెట్టి చూశాను. ఏడు మిల్లీమీటర్లు పొట్టి.

వడ్రంగి తన టేపు తీసి తలుపు కొలిచాడు. కచ్చితంగా డెబ్బై ఒకటి. "నేను తక్కువ కోయలేదు సార్" అన్నాడు.

"నువ్వెంత చెప్పినావు బావా?" అన్నాను.

"డెబ్బై ఒకటి. పైన ఏదో కొంచెం ఉండె. అది కొసరు గదా!"

అప్పుడు అర్థమైంది. బర్గూరులో పలక కొలిచేటప్పుడు సెంటీమీటరు మీద మిగిలిన మిల్లీమీటర్లు రాయరు. అది కొనేవాడికి వదిలే కొసరు. బావ చిన్నప్పటి నుంచి అట్లాగే కొలిచాడు. ఆ మిగిలింది ఆయన కంటికి ఆనదు.

అక్కకు మాత్రం ఆనింది. "నా మంచానికి గిరాకీ ఎవరప్పా వచ్చినారు ఈడ? కొసరు ఎవరికిచ్చినావు?"

"అలవాటు మే..."

"అలవాటే. మీ ఇంట్లో అన్నీ అలవాటే. నన్ను ఎక్కించకపోయేది కూడా అలవాటే గదా."

బావ టేపు జేబులో పెట్టుకున్నాడు.

ఈ కారు తలుపులకు బిజాగరీలు వెనక వైపు ఉంటాయి, గడియ ముందు వైపు పడుతుంది. దారిలో గడియ వదిలితే గాలి తలుపును బార్లా తెరిచేస్తుంది. అందుకని గడియ పడే చోట ఏడు మిల్లీమీటర్ల చెక్కముక్క వేసి బిగించాం. వరండాలో ఇరవై సార్లు వేసి చూశాను. ఇరవై సార్లూ పడింది.

ఒక ఆదివారం ఇద్దరూ బయలుదేరారు. నేను వెనక స్కూటరు మీద. అక్క తలకు గుడ్డ కట్టుకుని, రోడ్డు పక్క టీ కొట్ల వాళ్లందరినీ చూసుకుంటూ కూర్చుంది. శూలగిరి దాటాక ఒక గతుకులో చెక్కముక్క చీలి, తలుపు తెరుచుకుంది. అక్క పడలేదు. బావ బండి ఆపి, మళ్లీ నెమ్మదిగా నడిపాడు. మిగిలిన దారంతా ఆమె రెండు చేతులతో తలుపు లాగి పట్టుకుంది. కృష్ణగిరిలో దిగి, అరచేతులు చూసుకుని, ఇంటికి బర్గూరు బస్సెక్కింది.

"బండి బాగుంది. నేను కూర్చోని వచ్చినానా, తలుపు మోసుకోని వచ్చినానా? అది లెక్కలోకి రాదు. తలుపు నిలిచిన రోజు పిలవండి" అంది కిటికీలోంచి.

మళ్లీ చేయాలంటే రేకు విప్పాలి, రెండు పట్టెలు మార్చాలి. మంచంలో మిగిలినవి కాళ్లే, వాటి పొడవు చాలదు. వడ్రంగి పాత టేకు కోసం కృష్ణగిరి అవతలి పోచంపల్లి దాకా వాకబు చేస్తున్నాడు. బావ ఆదివారాలు వచ్చి ఇంజను తిప్పి చూసి వెళ్తాడు. ఎడమ సీటు ఖాళీగానే ఉంటుంది. అక్కకు మేము ఈ రోజుకీ బాకీ ఉన్నది ఏడు మిల్లీమీటర్లు.