బెజ్జం లేని సూది

ఆ రోజుల్లో గాజువాకలో స్కూటరున్న ఇంటికీ, లేని ఇంటికీ తేడా వీధి మొదట్లోంచే తెలిసిపోయేది. స్కూటరున్న ఇంటి కోడలు సాయంత్రమయ్యేసరికి జడలో పువ్వులు పెట్టుకుని గుమ్మంలో నిలబడేది. లేని ఇంటి కోడలు ఆమెను చూస్తూ నిలబడేది. నేను రెండో రకం. ఆనందపురం అవతల పల్లెలో పుట్టి, అయిదో తరగతితో పలక పక్కన పెట్టేసి, మేనత్త కొడుకునే చేసుకుని ఇక్కడికి కాపురానికొచ్చాను. వచ్చి నెలలు గడిచినా సముద్రం మాత్రం చూడలేదు. (విశాఖపట్నంలో ఉండి సముద్రం చూడలేదంటే ఇప్పుడు మా మనవలు నమ్మరు. నాకు ఒక్కదాన్నే బస్సెక్కడం రాదు, మా అత్తకు సముద్రం అంటే చేపలొచ్చే చోటు, అంతే.)

మా బావ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో మెకానిక్కు. ఎవరో వదిలేసి పోయిన స్కూటరుని ముక్కలు ముక్కలుగా గోనెసంచిలో ఇంటికి మోసుకొచ్చి, తీరికున్నప్పుడల్లా అరుగు మీద బిగించేవాడు. ఆషాఢం వచ్చేస్తోంది. సోమవారం పొద్దున్నే మా అన్నయ్య వచ్చి నన్ను పుట్టింటికి తీసుకుపోతాడు, ఇక నెల దాకా మొగుడి మొహం చూడకూడదు. అందుకని ఆదివారం సాయంత్రం బండి మీద బీచికి తీసుకెళ్తానని మాటిచ్చాడు. నేను మధ్యాహ్నం భోజనాల దగ్గర్నుంచే పెళ్ళిచీర కట్టుకుని కూర్చున్నాను.

గేర్లు కూర్చి మూత బిగించేస్తే పనైపోయినట్టే. స్టీలు పళ్లెంలో కిరసనాయిలు, అందులో నిగనిగలాడుతూ సన్నటి ఇనప పుల్లలు.

"ఇయ్యేటి బావా?"

"సూదులు. సూదుల బేరింగంటారు."

ఒకటి తీసి వెలుగులో పెట్టి చూశాను. "దీనికి బెజ్జం ఏదీ?"

"బెజ్జమెందుకే, దారమెక్కించి గేరుకి గుండీలు కుడతావేటి?"

సైకిలు చక్రంలో గోళీలుంటాయని నాకు తెలుసు. ఇందులోనూ గోళీలే పెట్టొచ్చు కదా అన్నాను. మా బావ గేర్ల గుత్తిలోకి ఇరుసు దూర్చి రెంటి మధ్యా సందు చూపించాడు. గడ్డిపరక పట్టేంత సందు. "ఇందులో గోళీ పడతాదా? సన్నగా ఉండాల, బరువూ మొయ్యాల. గోళీ ఒక సుక్క మీద ఆనుతాది, సూది పొడుగునా ఆనుతాది. అమ్మకి నడుం నొప్పెడితే ఏలెట్టి నొక్కుతావా, అరసెయ్యేసి నొక్కుతావా?"

"అరసెయ్యే."

"అదీ సూది. దొర్లడం ఎలగో బీచిలో సూపిత్తానులే. జాలరోల్లు పడవ కింద దుంగలేసి లాగుతారు సూడు, అదే ఇది."

గేరు గుత్తి లోపల గ్రీజు పూసి, ఆ గ్రీజుకి సూదులు ఒకదాని పక్కన ఒకటి అంటించుకుంటూ రావాలి. "ఒక్కోటీ అందించు" అన్నాడు. నేను తీసి అతని చేతిలో పెట్టబోయేసరికి అరుగు చివర్నుంచి మా అత్త కేకేసింది. (ఆవిడ చుట్టని అడ్డపొగ తాగుతుంది, వెలిగిన కొస నోట్లో పెట్టుకుని. నిప్పు నోట్లోనే ఉన్నా కిరసనాయిలికి మర్యాద తెలియదని మా బావ ఆమెను ఆ చివర కూర్చోబెట్టాడు.)

"ఓలే, ఆగవే. సూది సేతికి సేతికి ఇత్తే తగువులొత్తాయి. కొత్తగా పెళ్లయినోల్లు. కిందెట్టు, ఆడే తీసుకుంటాడు."

"అమ్మా, నా సేతులంతా గ్రీజే."

"గ్రీజుంటే తగువు రాదనేటి?"

సరే, ఒక్కో సూదీ నేను గచ్చు మీద పెట్టడం, అతను జిడ్డు వేళ్లతో ఏరుకోవడం. అది జారడం, దొర్లడం, ఇద్దరం దాని వెనక పాకడం. "కుదురుగా ఎట్టలేవా?" అని అతను, "కుదురుగా తియ్యలేవా?" అని నేను. గొంతులు పెరిగాయి. మా అత్త తృప్తిగా, "సూసారా, సేతికివ్వకపోతేనే ఇలగుంది, ఇచ్చుంటే ఏటయ్యేదో" అంది.

ఎండ దిగిపోయింది. ఆఖరి సూది దగ్గరికొచ్చేసరికి పళ్లెం ఖాళీ. సూదుల వరసలో ఊడిన పన్నులాగా ఒక సందు. ఒకటి తగ్గితే ఏమవుతుందన్నాను. మిగతావి ఒరిగిపోయి ఒకదాన్నొకటి తొక్కుకుని బండి నడిరోడ్డు మీద పట్టేస్తుందట. గోనెపట్టా దులిపాం. చాపలెత్తాం. నా జడ విప్పి పువ్వుల్లో కూడా వెతికాడు. (వీధిలో వాళ్లు ఏమనుకున్నారో నేను ఈనాటికీ అడగలేదు.) షెడ్డుకి ఆదివారం తాళం. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చేశాయి.

ఈలోగా మా అత్త అలవాటుగా పొద్దుండగానే లోపల దీపం పెట్టేసి, మళ్లీ వచ్చి తన చోట కూర్చుని చుట్టని దేంతోనో పొడుస్తోంది. ఆ చేతిలోది తళుక్కుమంది.

"అత్తా, అదేటి?"

"ఏటో, దొర్లుకుంటా నా కాళ్ల కాడికొచ్చింది. సుట్ట పొగాడట్లేదని పొడుత్తన్నాను."

"అమ్మా, అదే నా సూది. ఇటియ్యి" అని మా బావ లేచాడు.

ఆవిడ గుప్పిట మూసేసింది. "దీపమెట్టేసాను కదరా. దీపమెట్టాక సూది ఇల్లు దాటకూడదు. నీ బండిలో ఎక్కి ఊరే దాటేత్తాది. పొద్దున్న తీసుకో."

పొద్దున్నకి మా అన్నయ్య వచ్చేస్తాడు. ఎక్కడి తెలివొచ్చిందో గానీ, ముక్కు తుడుచుకుని అడిగాను. "అత్తా, సూదికి బెజ్జం ఉండాల కదా?"

ఆవిడ దాన్ని కంటి దగ్గరగా పెట్టుకుని ఆ కొసా ఈ కొసా చూసింది. "నేదు."

"సూదితో ఎవలైనా సుట్ట పొడుత్తారా?"

"సీ సీ, లచ్చిందేవి కదే సూది. సుట్టని పుల్లతో పొడుత్తారు."

"మరి నీ సేతిలోదేటి?"

ఆవిడ చుట్టనీ దాన్నీ మార్చి మార్చి చూసింది. చివరికి, "పుల్లే" అని దాన్ని నేరుగా నా చేతిలో పెట్టింది. నేను నేరుగా మా బావ చేతిలో పెట్టాను. అతను దాన్ని కడుగుతూ నావైపు చూసి, "ఈ మాట మజ్జాన్నం సెప్పలేకపోయావేటే, మోకాళ్లు సీరుకుపోయాయి" అన్నాడు.

బండి కదిలాక నేను కళ్లు మూసుకుని అతని చొక్కా పట్టుకున్నాను. సముద్రం కంటే ముందు దాని వాసనే తగిలింది. మేం చేరేసరికి ఇంకా కాస్త వెలుగుంది. జాలర్లు పడవని దుంగల మీద దొర్లిస్తూ ఒడ్డుకి లాగుతున్నారు. పడవ దాటిపోయిన దుంగని ఒకడు వెనక నుంచి తీసి, పరిగెత్తి ముందు వేస్తున్నాడు. అంత సముద్రాన్ని పక్కన పెట్టి నేను ఆ పరిగెత్తేవాణ్ణే చూశాను.

"ఆ దుంగల్ని గుండ్రంగా పేర్చేత్తే, ఎనకది దానంతటదే ముందుకొచ్చేత్తాది కదా బావా. ఆ మనిసికి పరుగు తప్పుతాది."

మా బావ నోరు తెరిచి చూశాడు. "అదేనే సూదుల బేరింగంటే."

"పుల్లల బేరింగు" అన్నాను. ఇసకలో కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాం. ఆషాఢమంతా మా పల్లెలో కనబడ్డ వాళ్లందరికీ, సముద్రం ఎలా ఉందని అడిగితే పుల్లల బేరింగు గురించి చెప్పాను.

అత్త ఇప్పుడు లేదు, స్కూటరూ లేదు. ఆవిడ మాట మాత్రం మాలో ఉండిపోయింది. మొన్న మా బావ చొక్కా గుండీ కుట్టుకుంటానంటే, బెజ్జమున్న అసలు సూది తీసి అలవాటుగా గచ్చు మీద పెట్టాను. తీసుకోమన్నాను. అతను తన మోకాళ్లని చూసుకున్నాడు. నేను నా మోకాళ్లని చూసుకున్నాను. వంగే ధైర్యం ఇద్దరికీ లేదు. సూది మా మధ్యన అలాగే మెరుస్తూ పడుంది.

"పుల్ల అనుకుని సేతికిచ్చేయాల్సింది" అన్నాడు.