నర్సమ్మ సైకిలు స్టాండు

మా వీధి చివరి దవాఖానలో పనిచేసిన నర్సమ్మ మొన్న బుధవారం పొద్దున పోయారు. వారం రోజుల జ్వరం. కబురు వినగానే మా ఆయన చేతిలోని పానా కింద పెట్టి దుకాణం మూసేశారు. మా పెళ్ళయిన నాలుగేళ్ళలో ఆయన పట్టపగలు దుకాణం మూయడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, దానితోపాటు కుళ్ళు కూడా వచ్చింది.

మాది సైకిళ్ళు బాగుచేసే దుకాణం. దాని వెనకే ఇల్లు. మా ఆయన నాతో రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. అట్లాంటి మనిషి నర్సమ్మ వస్తే చాలు, వదలకుండా మాట్లాడేవారు. వాళ్ళ తగవు ఎప్పుడూ ఒకటే: ఆమె సైకిలుకున్న పక్క స్టాండు ఉంచాలా, తీసెయ్యాలా అని. గుంతలో పడ్డప్పుడల్లా అది కిందికి జారేది. మడికొండ బాటలో ఒకసారి నేలకు తగిలి ఆమెను పడేసింది.

"తీసి పారెయ్యి తమ్మీ."

"కొత్త స్ప్రింగు ఏస్త నర్సమ్మా. స్టాండు లేకుంటే సైకిల్ యాడ పెడ్తరు? అలికిన గోడకు ఆనిస్తే ఆడోళ్ళు ఊకుంటరా?"

"నాకు నిలవడే సైకిల్ గాదు, ఉరికే సైకిల్ గావాలె."

"ఉరికినంక దిగరా ఏంది?"

ఇద్దరూ నవ్వేవారు. నేను తలుపు వెనక చాయ్ గ్లాసులు పట్టుకుని మండిపోయేదాన్ని. ఆమె ఆయనకంటే పదేళ్ళు పెద్ద. అయినా ఆ నవ్వు మా ఇంటి లోపలికి ఎన్నడూ రాలేదు కదా!

ఒకనాడు అన్నం పెడుతూ ధైర్యం చేసి, "తీసెయ్యరాదుండ్రి, పాపం పడ్డదట గదా" అన్నాను. తగవు తీరితే ఆమె రాకపోకలు తగ్గుతాయని నా ఆశ. ఆయన తీసేశారు.

జరిగింది వేరు. స్టాండు లేని సైకిలును ఆనించే చోటు వేరే లేక, మా వీధిలో ఎవరింటికి వచ్చినా ఆమె దాన్ని మా గోడకే ఆనించసాగారు. "చెల్లే, జర చూస్తుండు" అని వెళ్ళిపోయేవారు. రోజూ ఆ సైకిలుకు నేనే కావలి! తిరిగొచ్చి చాయ్ తాగుతూ, కడుపుతో ఉన్న నా పాదాల వాపు చూసి ఉప్పు తగ్గించమనేవారు. నేను ముక్తసరిగా తలూపేదాన్ని.

నా కాన్పునాడు ఆమె సైకిలును వీధిలోనే పడేసి లోపలికి ఉరికొచ్చారు. బయట మా ఆయన గొంతు వినిపించింది.

"నర్సమ్మా, లైటు అద్దం పలిగింది!"

"పెండ్లాం నొప్పులు పడ్తాంటే అద్దం ముచ్చటేంది తమ్మీ? నీళ్ళు కాగవెట్టు!"

అంత నొప్పిలోనూ, ఆయన మొదట ఆమె సైకిలునే లేపారన్నది నన్ను గుచ్చింది. నర్సమ్మ నా నుదురు తుడిచి, "కోపం మంచిదే చెల్లే, ఆ కోపంతోనే ముక్కు" అన్నారు. అంతా తెలిసే అన్నారనుకుంటాను. మా పాప ఆమె చేతుల్లోనే పుట్టింది.

సమాధుల దగ్గర ప్రార్థన అయ్యాక, డోర్నకల్ నుంచి వచ్చిన ఆమె అన్నయ్య ఆ సైకిలును బాగుచేసి రైల్లో పంపమని మా ఆయనకు అప్పగించారు. ఆయన దాన్ని నడిపించుకుంటూ, నేను పాపను ఎత్తుకుని ఇంటికి బయలుదేరాం. చాలా దూరం ఆయన నోరు విప్పలేదు. ఆ మౌనం కూడా ఆమెకే దక్కిందనిపించి ఓర్వలేకపోయాను.

"స్టాండు ఉంచితేనే మంచిగుండేది" అన్నాను.

ఆయన ఆగిపోయారు. "తీసెయ్యమన్నది నువ్వే గదనే!"

"నేనంటే తీసుడేనా? గట్టి స్ప్రింగు దొరకలేదా ఊర్ల?"

"స్ప్రింగు సంగతి నీకేమెర్క?"

"ఎర్కే. ఎన్నిసార్లు ఇనలేదు?"

ఆయన భుజంతో కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత స్ప్రింగుల్లో ఎన్ని రకాలున్నాయో చెప్పడం మొదలుపెట్టారు. నేను కాదంటూనే ఉన్నాను. ఎండలో మా ఇద్దరి నడుమ ఆ సైకిలు టిక్కు టిక్కుమంటూ నడిచింది.