పక్క సీటు క్లచ్

శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డ వైపు వస్తుంటే నాగలక్ష్మి కారు మొండికేసింది. యాక్సిలరేటరు తొక్కితే ఇంజన్ గావుకేకలు పెడుతోంది గానీ బండి మాత్రం పెళ్లినడక నడుస్తోంది. వెనక లారీవాడు హారన్‌తో చెవులకు చిల్లులు పొడిచాడు. నంద్యాలలో ఇన్నేళ్లుగా ఆడవాళ్లకు కారు నేర్పుతున్న మనిషి, గడ్డి ఆటోల చేత కూడా దాటించుకుంటూ, ఉసూరుమంటూ ఆళ్లగడ్డలో జ్ఞానప్రకాశం షెడ్డుకు చేరింది.

ఆ మెకానిక్‌కు చప్పుడు వింటే చాలు. ఆమె దిగకముందే తేల్చేశాడు.

"క్లచ్ జారతాంది అక్కా. ప్లేటు అరిగింటే గేరుబాక్సు దించల్ల. ఈ ముసలి బండికి అంత దండగ. వచ్చిన కాడికి అమ్మేయ్."

అమ్మేయ్ అనడానికి నోరుంటే సరిపోతుంది. ఆ కారు పోతే నాగలక్ష్మి చేసే పనే పోతుంది. పక్క సీటు దగ్గర కూడా క్లచ్చు, బ్రేకు పెట్టించుకున్న బండి అది. మరొకటి కొని మళ్లీ అవన్నీ పెట్టించే స్తోమత ఆమెకు లేదు.

ఆమె సొంతూరు ఉయ్యాలవాడ. నాయన ట్రాక్టరు మీద డ్రైవింగు నేర్చుకుంది, కోపం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నట్టుంది. ఆ కోపమంతా మొగుళ్ల మీద. తన దగ్గర నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్న ఆడవాళ్లు ఇంట్లో కారు పెట్టుకుని ఆటోల్లో తిరుగుతుంటే ఆమెకు ఒళ్లు మండేది. ఆళ్లగడ్డలో విత్తనాల అంగడి మల్లికార్జునను అయితే, బేరాలకొచ్చిన రైతుల ముందే చెడామడా తిట్టింది. పెళ్లాం స్టీరింగు పట్టుకుంటే నీ మీసం రాలిపోతాదా అని అడిగింది. అతను తలొంచుకుని నిలబడ్డాడే గానీ మాట పెగల్చలేదు. ఆ ముచ్చట ఆమె నంద్యాల అంతా చెప్పుకుని తిరిగింది.

జ్ఞానప్రకాశం కారు కిందికి దూరి, పక్క సీటు క్లచ్చునూ డ్రైవరు క్లచ్చునూ కలిపే రాడ్డు ఊడదీశాడు.

"ఇది పట్టేసి పెడలును పూర్తిగా లేవనీకుండా ఉండొచ్చు. ఒక రౌండు పోయి రా. జారకుంటే రాడ్డుదే తప్పు. అప్పటికీ జారితే ప్లేటే."

సరిగ్గా అప్పుడే షెడ్డు ముందు ఆటో కోసం నిలబడి ఉంది ఉమాదేవి. ఆ మల్లికార్జున భార్యే, పక్క ఊరి బడిలో పంతులమ్మ.

"ఉమా, రా, నువ్వు నడుపు. నేను పక్కన కూర్చుని ఇంజన్ చప్పుడు వినల్ల," అంది నాగలక్ష్మి.

ఉమాదేవి ఒక అడుగు వెనక్కేసింది. "వద్దులే మేడం. అలవాటు తప్పిపోయింది."

"ఎవరు తప్పించినారో నాకు తెలుసు. కూర్చో."

ఊరి బయట ఖాళీ రోడ్డు. ఉమాదేవి మొదటి గేరు వేసి క్లచ్ వదిలింది. కారు కప్పలా ఎగిరి ఠక్కున ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేసింది, మళ్లీ ఆగింది. మూడోసారీ అంతే. తిట్టడానికి నోరు తెరిచిన నాగలక్ష్మి చూపు కిందికి పోయింది. తన ఎడమ కాలు పక్క సీటు పెడలును నేల దాకా తొక్కి పట్టి ఉంది. తొక్కమని ఆ కాలికి ఎవరూ చెప్పలేదు. రాడ్డు లేని పెడలు, దాని బరువే తెలియడం లేదు.

ఆమె ఆ కాలిని పరాయివాళ్ల కాలిని చూసినట్టు చూసింది. నేర్పడం మొదలుపెట్టిన కొత్తలో ఒకామె కారును వెనక్కి వదిలేసి పాలవాడి సైకిలును తొక్కించింది. ఆ భయంతో పెడలెక్కిన కాలు మరి దిగలేదు. తను తొక్కితే అవతలి పెడలూ దిగుతుంది, తను మెల్లగా వదిలితే అదీ మెల్లగా లేస్తుంది. పైన పాదం ఆనించిన పిల్ల తనే చేశాననుకుంటుంది. భలే పట్టుకున్నావమ్మా అని నాగలక్ష్మి మెచ్చుకుంటుంది. లైసెన్సు టెస్టు రోజున కూడా అదే కారు, పక్క సీట్లో ఇదే కాలు.

"మా కారు కూడా ఇట్లనే చేస్తాది మేడం," అంది ఉమాదేవి తల వంచుకుని. "మీ దాంట్లో అయితే వెన్నలాగ పోతాండె. మా దాంట్లో క్లచ్చే బాగలేదనుకున్యా. మా ఆయన దుడ్లు పోసి రెండుసార్లు మార్పించినాడు. రెండోసారి మెకానిక్ నవ్వినాడంట, మంచి క్లచ్ ఎందుకు పీకిస్తావని. ఇంగ మా ఆయన్ను ఏం అడిగేది. నాకే చేతకాదని ఆటో ఎక్కుతాండా."

నాగలక్ష్మి ఆమె వైపు తిరిగింది. "ఆ పొద్దు నేను అన్ని మాటలంటాంటే... మీ ఆయన ఎందుకు చెప్పలే?"

"మా ఆమెకు రాదని నలుగుర్లో ఎట్ల చెప్పల్ల అన్యాడు."

ఆ మాటకు నాగలక్ష్మి నిలువునా కుంచించుకుపోయింది. సిగ్గు అంటే ఏమిటో ఆమెకు ఆ వయసులో కొత్తగా తెలిసింది. రెండు కాళ్లూ పైకి తీసుకుని సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"స్టార్టు చెయ్."

కారు ఆగింది. ఎగిరింది. మళ్లీ ఆగింది. అలవాటైన కాలు కిందికి దిగబోతుంటే చేత్తో పట్టుకుని ఆపుకుంది. కాసేపటికి కమురు వాసన మొదలైంది.

"మేడం, ప్లేటు మాడిపోతాంది."

"మాడనీ. వదులు, ఇంకా మెల్లగా."

చివరికి కారు కదిలింది. జారుతూ, మూలుగుతూ, ఎద్దులబండి కంటే మెల్లగా పోయింది గానీ, ఉమాదేవి కాలితోనే పోయింది. ఆమె ఊపిరి బిగబట్టి రోడ్డు చివరిదాకా నడిపి అప్పుడు ఏడ్చింది. నాగలక్ష్మి ఓదార్చలేదు. ఓదార్చే ముఖం తనకు లేదనిపించింది.

షెడ్డుకు వచ్చేసరికి బండి ఇక కదలనంది. జ్ఞానప్రకాశం వాసన చూసి తల పట్టుకున్నాడు. "ఏం చేసినారు దీన్ని? ఇంగ అనుమానమే లేదు, అమ్మేయ్ అక్కా."

"గేరుబాక్సు దించు. కొత్త ప్లేటు వెయ్," అంది నాగలక్ష్మి. "రాడ్డు మాత్రం మళ్లీ బిగించొద్దు. నా పక్క బ్రేకు ఒక్కటి చాలు."

"రాడ్డు లేకుండా కొత్తోళ్లకు ఎట్ల నేర్పిస్తావు?"

"కొత్తోళ్లు తర్వాత. ముందు పాతోళ్లందర్నీ పిలవల్ల. నా దగ్గర పాసైనోళ్లలో ఒక్కరికీ కారు రాదు, ప్రకాశం."