గ్రెటా ముక్కు

వైట్‌హార్స్ ఊళ్ళోని ఆ ఇంట్లోకి గ్రెటా ముక్కును దాటి ఏదీ రాదు. పాలు, చేపలు, మొగుడి చొక్కా కాలరు, ఏదైనా వాసన చూశాకే నమ్ముతుంది. ఒకప్పుడు బంగారం మీద ఆశతో జనం మూటలు మోసుకుంటూ ఎక్కిన చిల్‌కూట్ కనుమను మొగుడితో కలిసి నడిచి దాటాలని ఆమెకు పెళ్ళినాటి నుంచీ కోరిక. వచ్చే వారమే ప్రయాణం. ఆ దారిలో వాసనొచ్చే వస్తువేదీ గుడారంలో ఉండకూడదు, ఎలుగుబంటి వస్తుంది. సబ్బుతో సహా అన్నీ గట్టి మూత డబ్బాలోకి పోవలసిందే. అందుకని ఆమె మొగుడు ఆర్విడ్ సంచిని భోజనాల బల్ల మీద గుమ్మరించి, మేజోళ్ళను ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుంది.

“కర్పూరం వాసనొస్తోంది. ఏం దాచావయ్యా?”

“ఏమీ లేదే.”

ఉన్ని టోపీలోంచి మోకాళ్ళ నొప్పుల మందు డబ్బీ దొర్లింది.

“అదీ సంగతి. నొప్పులు పెట్టుకుని ఆ కొండెలా ఎక్కుతావు? నువ్వు ఇంట్లో ఉండు, నేను మా చెల్లెలితో పోతా.”

ఆర్విడ్ గడ్డం గోక్కున్నాడు. “సీలు చూశావా?”

సీలు ఊడలేదు. గ్రెటా డబ్బీని మళ్ళీ వాసన చూసింది. ఏ వాసనా లేదు. గదిలో మాత్రం కర్పూరం గుప్పుమంటూనే ఉంది. అది పొద్దున ఆమె తలుపేసుకుని తన మోకాళ్ళకు రాసుకున్న మందు వాసన.

“నీది అయిపోవచ్చింది కదా అని కొన్నాను,” అన్నాడు ఆర్విడ్, మేజోళ్ళు మడుస్తూ. “నాకు తెలుసని చెబితే ప్రయాణం మానేస్తావేమోనని ఊరుకున్నా.”

గ్రెటా డబ్బీని గట్టి మూత డబ్బాలో సబ్బు పక్కన పెట్టి మూత బిగించింది.

“ఎలుగుబంటి నయం,” అంది, “నీ ముక్కు కన్నా.”