ఖాలా ఇచ్చిన పాలు

నా కాళ్లు నన్ను మోసం చేశాయని మొదట కుట్టుమిషన్ దగ్గరే తెలిసింది. ప్రొద్దుటూరులో ఇరవయ్యేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. జమ్మలమడుగు పెళ్లికూతుళ్లు కూడా నా దగ్గరికే వచ్చేవాళ్లు. ఆ వేసవిలో మిషన్ తొక్కే పాదం తొక్కినచోటే బిగుసుకుపోయింది, ఎంత లేపినా లేవదు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు విడమరిచి చెప్పాడు. ఒక వైరస్ ఎప్పటినుంచో నా తెల్లరక్తకణాల్లో దాక్కొని ఉందట. దాన్ని చంపాలని నా రక్షణ కణాలే వెన్నుపాములోకి దూరాయట. అవి వదిలే రసాయనాలకు, ఏ తప్పూ చెయ్యని నరాలు పక్కనున్న పాపానికి దెబ్బతింటున్నాయట.

"అంటే, నన్ను కాయాల్సినవే నన్ను తింటాండాయా సార్?" అన్నాను. ఆయన తలూపాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఈ వైరస్ ఎక్కువగా తల్లిపాల నుంచే వస్తుందని కూడా అన్నాడు. పక్కనున్న అమ్మ వెంటనే అందుకుంది.

"నావి కాదు సార్. పురిట్లో నాకు జ్వరమొస్తే, పక్కింటి సాయిబులామె మూడు నెలలు దీనికి పాలిచ్చింది. ఆమెదే అయ్యుంటాది."

తర్వాత రెండేళ్లు తనే ఇచ్చిన సంగతి అమ్మ చెప్పలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.

ఆ పక్కింటామెను నేను ఖాలా అంటాను, వాళ్ల మాటలో పిన్ని అని. ఆమెకు నేను పాలబిడ్డను. అమ్మ మాట వీధంతా పాకింది. రంజాన్‌కు ఖాలా పంపిన సేమ్యా గిన్నెను మూత తియ్యకుండా తిప్పి పంపాం.

ఖాలా పోట్లాడలేదు. తనంతట తానే ఆస్పత్రికి పోయి రక్తమిచ్చింది. వైరస్ లేదని వచ్చిన కాగితాన్ని మా గడప మీద పెట్టి వెళ్లిపోయింది. డాక్టరు పట్టుబట్టి అమ్మకూ పరీక్ష చేయించాడు. అమ్మకు ఉంది.

వైరస్ ఇచ్చినందుకు అమ్మమీద కోపం లేదు, పాపం ఆమెకేం తెలుసు? ఖాలా మీద ఆ మాట అన్నందుకే గుండె రగిలింది. "కన్నతల్లివై నన్ను ఇంత మోసం చేస్తివే!" అని అరిచాను. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

వాకర్ పట్టుకొని ఖాలా ఇంటికి పోయాను. "తప్పయింది ఖాలా. నీది కాదని తేలింది" అన్నాను. ఆమె నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, బిగుసుకుపోయిన నా పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది.

"తేలినాంక వచ్చినావు బేటీ. నాకే ఉన్నింటే?"

ఆమె నా పాదం ఒత్తుతూనే ఉంది.