గోడకి వీపు ఆనించిన పోలిన్ తాత

ఈ ద్వీపంలో పుట్టిన బేస్‌బాల్ ఆటగాళ్లందరూ కలిసి గెలిచిన ఆటలకన్నా మా తాత ఒక్కడు గెలిపించినవే ఎక్కువ. అదీ బ్యాటు ముట్టుకోకుండా, బంతి విసరకుండా, అసలు మైదానం కంటితో చూడకుండా, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వేరుశనగకాయలు ఒలుచుకుంటూ. నమ్మకపోతే మా ఊరొచ్చి ఎవరినైనా అడగండి. ఒప్పుకోని మనిషి ఊరు మొత్తానికి ఒక్కడే. అది మా తాత.

ఆయన పేరు అపొలినార్. అంత పేరు పిలిచే ఓపిక లేక ఊరంతా పోలిన్ అంటుంది. చెరకు మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసి, ఎడమ చెవి మిల్లుకిచ్చేసి, కుడి చెవి రేడియో కోసం మిగుల్చుకుని ఇంటికొచ్చాడు. చర్చికి పెళ్లిళ్లకీ చావులకీ మాత్రమే వెళ్తాడు. కొంగల ఆటకి మాత్రం జ్వరమొచ్చినా వెళ్తాడు. కొంగలంటే మా ఊరి జట్టు. చొక్కా మీద ఒంటికాలి మీద నిలబడ్డ తెల్ల కొంగ ఉంటుంది. రెండో కాలు కూడా కింద పెట్టి ఆడితే ఎప్పుడైనా కప్పు కొట్టేవాళ్లేమో అని రాజధాని జనం వెక్కిరిస్తారు. ఆటల కాలం అక్టోబరులో మొదలై జనవరి చివర్లో ముగుస్తుంది. తాత లెక్కలో ఏడాదంటే అంతే. మిగతాదంతా ఎండా, వానా, తుపాను హెచ్చరికలూ.

స్టేడియంలో మూడో బేస్ వైపు, పైకప్పు లేని చౌక మెట్ల మీద ఒక బెంచీ ఉంది. తాతా, మా నానమ్మ విందా, మెకానిక్ వెంచో, వెంచో డోలు, ఇంకో అరడజను మంది గొంతుపోయిన మనుషులు అక్కడే ముసలివాళ్లయ్యారు. వెంచో కొడుక్కి తాత జ్ఞానపిత. అందుకని ఇద్దరూ బావా అంటే బావా అనుకుంటారు. రెండేళ్ల కిందట నానమ్మ పోయింది. ఆ తర్వాత తాతకి మనుషుల గొంతు వినపడే చోటంటూ మిగిలింది ఆ బెంచీ ఒక్కటే. నేను సెలూన్లో జుట్లు సాపు చేసే పని ముగించుకుని ఇంటికొచ్చేసరికి ఆయన మాట్లాడటం మర్చిపోయి ఉండేవాడు. పొద్దున్నే రెండు కప్పుల కాఫీ కాచేవాడు. ఒకటి తాగేవాడు. రెండోది చల్లారాక అదీ తాగేవాడు. ఎందుకు తాతా అంటే పారబోయడం ఎందుకూ అనేవాడు. కాచడం ఎందుకో మాత్రం చెప్పేవాడు కాదు.

ఇప్పుడు ఆయన చేసిన ఘోరం చెప్పాలి. మా దగ్గర రమ్ము సీసా మూత తీస్తే మొదటి చుక్కలు నేలకి. అవి పోయినవాళ్లవి. ఎంత తాగుబోతైనా ఆ చుక్కలు ఎగ్గొట్టడు. అలాగే, ఆఖరి ఔట్ పడేదాకా గెలుపు సీసా మూత ఎవడూ తియ్యడు, గెలిచామన్న మాట ఎవడూ నోట రానివ్వడు. ముందటేడు జనవరిలో, గెలిస్తే ఫైనల్‌కి వెళ్లే ఆటలో, ఎనిమిదో ఇన్నింగ్స్ అయ్యేసరికి కొంగలు ముందున్నాయి. ఇక మిగిలింది ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్. తాత మూత తీశాడు. పక్కన ఖాళీగా ఉన్న చోట, సిమెంటు మీద, మెల్లిగా ఒంపాడు. తొమ్మిదోలో మావాడి చేతిలోకి, పాలు పోసినంత నెమ్మదిగా వచ్చిన బంతి, జారిపోయింది. ఓడిపోయాం. అందరూ తలలు పట్టుకున్నారు. వెంచో ఒక్కడే కిందికి చూశాడు. సిమెంటు తడిగా ఉంది.

అంతే. పోలిన్‌కి ఫుకూ పట్టిందన్నారు. మా ద్వీపంలో శనికి పేరు అది. అది పట్టినవాడు దోసిలి పడితే వాన కూడా ఆగిపోతుందంటారు.

ఆ ఏడే అక్టోబరు మొదటి వారంలో వెంచో మా ఇంటికొచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

"కాఫీ బాగుంది బావా."

"మూడోసారి చెప్పావు. సంగతేంటో చెప్పు."

"నేను కాదు. బెంచీ అంతా అనుకుంటున్నారు."

"బెంచీకి నోరెప్పుడొచ్చింది?"

వెంచో టోపీని గుండ్రంగా తిప్పాడు. "ఈ ఒక్క ఏడు నువ్వు లోపలికి రాకపోతే ఎట్టా ఉంటదో చూద్దాం అంటున్నారు. చూడటానికే బావా. ఇంకేం కాదు."

"నాకు ఫుకూ ఉందంటావు."

"ఛఛ, ఆ మాట నేనెందుకంటాను? నా కొడుక్కి పేరు పెట్టినోడివి."

నేను వంటింట్లోంచి, "వెంచో మామా, ఆ కప్పు తాత ముట్టుకున్నదే. సాయంత్రానికి నీ వేళ్లు లెక్కపెట్టుకో" అన్నాను. వెంచో నిజంగానే కప్పు కింద పెట్టేశాడు.

తాత రేడియో బటన్ గీకాడు. "నేను రాకపోతే గెలుస్తారా?" అన్నాడు.

"ఏమో బావా. దేవుడికెరుక."

"సరే" అన్నాడు తాత.

మొదటి ఆట రోజు చూద్దును కదా, ఆయన కొంగ చొక్కా వేసుకుని, ఒక చేత్తో కుర్చీ, ఒక చేత్తో రేడియో పట్టుకుని బయల్దేరుతున్నాడు.

"ఎక్కడికి తాతా? రావద్దన్నారుగా?"

"లోపలికి రావద్దన్నారు. గోడ బయట వీధి. వీధి వాళ్ల బాబుదా?"

స్టేడియం వెనక గోడ దగ్గర లిహియా వేరుశనగ బండి ఉంటుంది. నానమ్మ వయసు మనిషి, నోరు మాత్రం నా వయసుది. తాత ఆ బండి పక్కన కుర్చీ వేసి, గోడకి వీపు ఆనించి, రేడియో కుడి చెవికి పెట్టుకున్నాడు. ఆ రోజు కొంగలు గెలిచాయి. ఆయన కొంప మునిగింది అక్కడే. ఎందుకంటే మర్నాడు వెంచో వచ్చి, ఎక్కడ కూర్చున్నావు, ఏ చొక్కా వేసుకున్నావు, ఏం తిన్నావు అని అడిగి, "అదే కుర్చీ, అదే చోటు. కదలకు బావా, నీ కాళ్లు పట్టుకుంటా" అన్నాడు. అప్పటిదాకా లోపలికి వెళ్లకూడదు. ఇప్పుడు బయట ఉండి తీరాలి.

గోడ బయట ఆట ఎలా ఉంటుందో చెప్తాను. లోపల జనం అరిస్తే తాత వీపుకి తెలుస్తుంది. గోడ వణుకుతుంది. కానీ ఎందుకరిచారో తెలీదు. రేడియోలో మాట కాస్త ఆలస్యంగా వస్తుంది. వీపుకి తెలిసిన సంగతి చెవికి చేరేదాకా ఆయన కళ్లు మూసుకుని, ఒలిచిన కాయ నోటి దగ్గర పట్టుకుని ఉండిపోతాడు. ఆ కాసేపట్లో ఆయన్ని పలకరించకూడదు. పలకరిస్తే ఆ కాయ మన మొహాన పడుతుంది.

గెలిస్తే లోపల తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ కౌగిలించుకుంటారు. తాత లేచి, చొక్కా సర్దుకుని, గుర్రాన్ని తట్టినట్టు గోడని అరచేత్తో తట్టి, కుర్చీ ఎత్తుకుంటాడు. బెంచీ వాళ్లు ముందు గేటులోంచి వెళ్లి బార్‌లో కూర్చుంటారు. వెనక వీధికి వాళ్ల పాట వినపడుతుంది, మనుషులు కనపడరు. ఎప్పుడైనా వెంచో ఒక ప్లాస్టిక్ కప్పులో రమ్ము పోసి పంపేవాడు. తాత మొదటి చుక్కలు నేలకిచ్చి, మిగతాది నిలబడే తాగేసేవాడు.

"పోలిన్, నా బండి దగ్గర కూర్చుంటే కాయలన్నా అమ్మిపెట్టు. ఊరికే తినడమేనా?" అనేది లిహియా.

"నేను గెలిపిస్తున్నానట కదే తల్లీ. నా చేతులు ఖాళీ లేవు."

"చేతులతో గెలిపిస్తున్నావా? నేనింకా కూర్చునే చోటుతో అనుకున్నా!"

ఓడిన రోజులూ ఉన్నాయి. ఏ జట్టుకి లేవు? కానీ ఓడినప్పుడల్లా బెంచీకి ఒక కారణం దొరికేది. ఒకసారి తాత కాలు మీద కాలు వేసుకున్నాడట. ఒకసారి నేను పక్కన నిలబడి ఆవలించానట. క్రిస్మస్ ముందర తాతకి జ్వరమొస్తే వెంచో మోటారుసైకిల్ తెచ్చి, దుప్పటితో సహా ఎక్కించుకుని, గోడ దగ్గర దించి, తను లోపలికి పోయి డోలు వాయించుకున్నాడు. తాత పళ్లు టకటకలాడించుకుంటూ తొమ్మిది ఇన్నింగ్సులూ విన్నాడు. గెలిచాం. "చూశావా, మందు పనిచేసింది" అన్నాడు వెంచో. ఎవరికి మందో మరి.

నాకు మాత్రం ఒకటే కోరిక. కొంగలు వరసగా చిత్తుగా ఓడిపోవాలి. అప్పుడు గోడకి మహిమ లేదని తేలిపోతుంది, ఈయన బెంచీ ఈయనకొస్తుంది. ఆ మాటే ఆయనతో అన్నాను. చెప్పు తీశాడు.

"నీ జట్టు గెలిచినకొద్దీ నీకే నష్టం తాతా, తెలుస్తోందా?"

"తెలుసు."

"మరి?"

"గెలవాలి" అన్నాడు. చెప్పు తొడుక్కున్నాడు.

జనవరిలో ఒక ఆదివారం తాత కుర్చీ దిగి పక్కకెళ్లినప్పుడు, ఆట మొదలవకముందే లెండి, లిహియా నాతో అంది: "మీ తాత సరిగ్గా ఎక్కడ కూర్చున్నాడో తెలుసా? మీ నానమ్మ నిలబడే చోట. తొమ్మిదో ఇన్నింగ్స్ అంటే దానికి గుండె దడ. ఎనిమిదోది అవగానే లేచి బయటికొచ్చేసేది. ఈ గోడకానుకుని నా కాయలు తొక్కతో సహా నమిలేసేది. ఆట అయిపోయాక మీ తాత వచ్చి గెలిచామో లేదో చెప్పేవాడు."

అప్పుడు నాకర్థమైంది, ముందటేడు ఆయన అంత తొందరపడి సీసా ఎందుకు తెరిచాడో. తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా ఆగితే నానమ్మ తన చుక్కలు అందుకోకుండానే లేచి వెళ్లిపోతుంది. ఈ సంగతి ఆయన బెంచీ వాళ్లకి చెప్పుకుని ఉండొచ్చు. చెప్పలేదు. నేను అడిగితే చెవుడు నటించాడు, అదీ కుడి చెవికి.

కొంగలు ఫైనల్‌కి వెళ్లాయి. రాజధాని జట్టూ మేమూ సమానంగా గెలుస్తూ ఆఖరి ఆటదాకా వచ్చాం. ఆదివారం సాయంత్రం, మా స్టేడియంలో. వీధిలో మోటారుసైకిళ్లు కూడా ఆపేసి జనం రేడియోల దగ్గర మూగారు. తాత పొద్దుట్నుంచీ నీళ్లు తాగలేదు, మధ్యలో లేవాల్సొస్తుందని. కుర్చీలో ఆయన కూర్చున్న తీరు చూస్తే సిమెంటుతో పోతపోశారేమో అనిపించింది. నేను ఆవలింత వస్తే వీధి చివరికి పోయి ఆవలించి వచ్చాను.

తొమ్మిదో ఇన్నింగ్స్. మేం ఒక్క పరుగు ముందున్నాం. అవతలివాళ్లు బ్యాటింగ్. ఇద్దరు ఔట్. ఒకడు బేస్ మీద ఉన్నాడు. ఇంకొక్క ఔట్ పడితే కప్పు మాది. తాత కళ్లు మూసుకున్నాడు.

అప్పుడు వెనక గేటులోంచి వెంచో పరిగెత్తుకుంటూ వచ్చాడు. డోలు లేదు, టోపీ లేదు. చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"బావా, రా! లోపలికి రా! ఈ ఒక్కటన్నా నువ్వు చూడాలి. నా మనసు ఒప్పుకోవట్లేదు. గెలిచేశాం బావా, గెలిచేశాం!"

తాత కళ్లు తెరిచాడు. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. "ఒరేయ్, ఏమన్నావురా? నోరు ముయ్యి!" అంటూ కుర్చీలోంచి కదలకుండానే చెయ్యి చాపి వెంచో చొక్కా పట్టుకున్నాడు. "ముయ్యిరా!"

వెంచో రెండు చేతుల్తో నోరు మూసుకున్నాడు. అప్పటికే మాట బయటికొచ్చేసింది.

గోడ ఆగిపోయింది. అంతసేపూ తాత వీపు వెనక వణుకుతున్న గోడ, అంతమంది ఉన్న గోడ, శ్మశానం గోడలా అయిపోయింది. రేడియోలో మాత్రం మేం ఇంకా గెలుస్తూనే ఉన్నాం. వ్యాఖ్యాత ఇంకా బంతి విసిరేవాడి చేతిలోనే ఉందని చెప్తున్నాడు. తాత వెంచో చొక్కా వదిలి, వేలు పైకెత్తి, ఎవరూ మాట్లాడొద్దన్నట్టు పట్టుకుని, ఆ ఉన్న కాస్తా విన్నాడు. తర్వాత రేడియోకీ తెలిసిపోయింది. బంతి మైదానం దాటి అవతల పడింది. కొట్టినవాడూ, బేస్ మీదున్నవాడూ ఇద్దరూ చుట్టి వచ్చేశారు. రెండు పరుగులు. మాకింకా మా వంతు బ్యాటింగ్ ఉంది గానీ, మావాళ్లు ముగ్గురూ వచ్చినట్టే వెళ్లిపోయారు.

బెంచీ వాళ్లు వెనక గేటులోంచి గుంపుగా వచ్చారు. అందరికన్నా ముందు లావుపాటి బార్బరు. కుర్చీ చూశాడు, తాత మొహం చూశాడు.

"ఏం చేశావు పోలిన్?"

వెంచో ముందుకొచ్చాడు. నోరు తెరిచాడు. లిహియా నా వైపు చూసింది. నేను తాత వైపు చూశాను. ఒక్క మాట. ఆ ఒక్క మాట చెప్తే ఫుకూ చేతులు మారుతుంది.

"లేచాను" అన్నాడు తాత.

"లేచావా?"

"ఉచ్చకెళ్లాను."

"ఎప్పుడు?"

"రెండో ఔట్ పడ్డాక."

బార్బరు ఆకాశం వైపు చూశాడు. "ఒక్క ఔట్ పోలిన్! ఒక్క ఔట్ దాకా బిగబట్టుకోలేకపోయావా?"

"నా వయసు వచ్చాక నీకే తెలుస్తది."

"వచ్చే ఏడు కూడా ఈ గోడే నీకు. ఈసారి డబ్బా ఒకటి తెచ్చుకో" అన్నాడు బార్బరు. వెంచో వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూశాడు, మళ్లీ చూశాడు. లిహియా మిగిలిన కాయలు పొట్లం కట్టి తాత జేబులో కుక్కింది.

తాత లేచాడు. ఆట మొదలయ్యాక అదే మొదటిసారి. మోకాళ్లు పట్టేసి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆ పట్టుకున్న చేత్తోనే గోడని తట్టాడు. ఇంటికి నడుస్తుంటే దారిలో ఒక్క ఇంట్లోనూ పాట లేదు. నేనే ఆగలేకపోయాను.

"నువ్వు లేవనే లేదు తాతా. నీళ్లు తాగితే కదా? చేసిందంతా వెంచో నోరు. ఆ ముక్క చెప్తే నీ బెంచీ నీకొచ్చేది, వాడు గోడ దగ్గర కూర్చునేవాడు. ఎందుకు చెప్పలేదు?"

"వెంచోకి రేడియో లేదు. కుర్చీ పట్టుకుని, నోరు మూసుకుని నడువు."