చక్రం కింది మొద్దు

కొండాపూర్‌లో మా మనవడి అపార్టుమెంటు కింద సాయంత్రాలు బెంచీల మీద నాలాంటి ముసలివాళ్లు, ఆఫీసుల నుంచి వచ్చిన కుర్రవాళ్లు కలిసి కూర్చుంటాం. మొన్న ఎక్కడో రోడ్డు మీద పోలీసులు ఒక బండిని ఆపి, నడిపేవాణ్ణి కాల్చేశారని వార్త వచ్చింది. "పోలీస్ ఆపితే కదలకుండా కూర్చోవాలి కదా అంకుల్, వాడు ఎందుకు దిగాడు?" అన్నాడొక కుర్రవాడు. నాకు ఒళ్లు మండింది. ఎందుకు దిగావని అడుగుదామంటే ఆ మనిషి లేడు. మా చిన్నాయన బతికాడు కాబట్టి ఆయన్ని అడగగలిగాం. ఆయన దిగింది కూడా ఈ బెంచీలకు కూతవేటు దూరంలోనే.

యాభై అరవై ఏళ్ల కిందట ఇక్కడ అద్దాల మేడలు లేవు. గుట్టలు, గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. గుట్టలు కొట్టి తీసిన రాయిని చిన్నాయన లారీలో బాలానగర్ తోలేవాడు. అక్కడ లేస్తున్న ఫ్యాక్టరీలకు పునాదులు ఆ రాయితోనే పడ్డాయి. నేను బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో ఫిట్టర్ని. బడి మొహం చూడలేదు. మిర్చిబజ్జీలు కట్టిచ్చిన కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి. లారీలో పక్కన కూర్చోబెట్టుకుని దారి పొడుగునా దుకాణాల బోర్డులు చదవమనేవాడు చిన్నాయన. తప్పు చదివినా "శెభాష్ రా కొడకా" అనేవాడు. తప్పని పట్టుకోవడానికి ఆయనకూ చదువు రాదు మరి.

ఆ లారీని చిన్నమ్మ 'నా సవతి' అనేది. హ్యాండు బ్రేకు పేరుకే ఉండేది. రాయి బరువు మీద ఏటవాలులో ఆపితే, గేరులో వదిలినా కాసేపే ఓర్చుకుని, మెల్లగా జారడం మొదలుపెట్టేది. అందుకని రాళ్ల లారీలన్నిటిలో సీటు కింద ఒక తుమ్మ మొద్దు ఉండేది. బండి ఆగీ ఆగకముందే దాన్ని పట్టుకుని కిందికి దూకి చక్రానికి అడ్డం పెట్టాలి. నిజానికి అది క్లీనరు పని. లారీ యజమాని సేటు క్లీనరును పెట్టడు, బ్రేకులూ చేయించడు. అందుకని చిన్నాయనే దూకేవాడు. ఎదురుగా సేటే నిలబడ్డా ఆయనకు మొద్దు ముందు, దండం తర్వాత.

ఆ ఏడు పట్నంలో గొడవలుగా ఉంది. ఊరి బయట రోడ్ల మీద తుపాకుల పోలీసులు బండ్లను ఆపి వెతికేవారు. ఒక మధ్యాహ్నం గుట్ట దిగేచోట, ఏదో జిల్లా నుంచి కొత్తగా వచ్చిన పడుచు కానిస్టేబులు చెయ్యెత్తాడు. చిన్నాయన మర్యాదగానే ఆపాడు. లారీ ముక్కు పల్లానికి, సరిగ్గా ఆ పోలీసుల వైపుంది. ఎప్పటిలాగే మొద్దు పట్టుకుని దూకాడు. దుంగతో మీదికొస్తున్నాడనుకుని ఆ కానిస్టేబులు కాల్చాడు. తూటా ఎడమ భుజంలో దిగింది. కిందపడి కూడా చిన్నాయన కాలితో మొద్దును చక్రం కిందికి తోశాడట. తోయకపోతే లారీ ఎవరి మీదికి పోయేదో చెప్పక్కర్లేదు.

పట్నంలో పెద్ద దవాఖానకు నేనూ చిన్నమ్మా పరుగెత్తాం. మంచం పక్కనే ఒక పోలీసు కాపలా. చిన్నాయన కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట:

"మొద్దు ఏడున్నదిరా?"

"పోలీసోల్లు పట్కపోయిండ్రు చిన్నాయన. సాక్ష్యమట."

"మరి బండికి ఏం అడ్డం పెట్టిండ్రు?"

చిన్నమ్మ నెత్తి కొట్టుకుంది. "భుజంల గుండు దిగినా గా సవతి ఫికరే! పెండ్లాం తిన్నదా అని అడుగుతడా సూడు!"

"నువ్వు తినకుంట రావు గదనే" అన్నాడాయన. కాపలా పోలీసు మొహం తిప్పుకుని నవ్వాడు.

నవ్వులు ఆ పూటకే. మర్నాడు పత్రికలో 'పోలీసులపై దుంగతో దాడి' అని వచ్చింది. దాడి కేసు పెట్టారు. నిలబడితే జైలు, లైసెన్సు రద్దు. లారీ తప్ప ఇంకో పని ఎరగని మనిషికి ఆ రెండో శిక్షే పెద్దది.

బాలానగర్ చాయ్ హోటల్లో ఆ వార్త గొంతెత్తి చదివింది నేనే. చదువుతుంటే కాగితం చించేద్దామనిపించింది. అక్కడ రోజూ చాయ్ తాగే కోస్తా గుమాస్తా ఒకాయన ఉండేవాడు, సర్కారు ఉద్యోగి, నెమ్మదస్తుడు.

"మీ బాధ నాకు తెలుసండీ. కానీ ఆ పోలీసుకేం తెలుస్తుంది చెప్పండి? గొడవల రోజులు. ఎదురుగా ఒకడు కర్ర పట్టుకుని దూకాడు. ఆలోచించే వ్యవధి ఏదీ?"

"గంత భయమున్నోనికి తుపాకి ఎందుకిచ్చిండ్రు సారూ?" అన్నాడు గల్లా దగ్గర నుంచి హోటలాయన.

"ఇవ్వకపోతే రేపు మీ హోటల్ తగలబెడితే ఎవరండీ వచ్చేది?"

"మీరొస్తరు గద, పాత బాకీ కట్టనీకె!"

అందరూ నవ్వారు, ఆ గుమాస్తాతో సహా. నేను మాత్రం నవ్వలేదు. వారం పొడుగునా అదే వాదన. కొందరు దిగడం తప్పన్నారు, కొందరు కాల్చడం తప్పన్నారు. అసలు బ్రేకులు చేయించని సేటు మాట ఒక్కరూ ఎత్తలేదు. నాకిప్పటికీ అదే మంట.

లారీని రాయితో సహా ఠాణా ఆవరణలో పెట్టారు. అదీ ఏటవాలే. చక్రాలకు రాతిగుండ్లు అడ్డం పెట్టారు. కేసు సంగతి కనుక్కుందామని నేనూ చిన్నమ్మా వెళ్లిన రోజు ఎవరో పై అధికారి వస్తున్నాడని హడావుడిగా ఉంది. బండిని పక్కకు తియ్యమన్నాడు ఎస్సై. చిన్నమ్మ ముందే చెప్పింది, "సారూ, గది అడ్డం లేకుంట నిలవడదు. మా మొద్దు మాకియ్యుండ్రి" అని. "అది సాక్ష్యమమ్మా, అల్మారాలో ఉంది" అన్నాడు ఎస్సై.

పోలీసు డ్రైవరు గుండ్లు తీయించి, బండిని జరిపి, గేరులో వదిలి దర్జాగా దిగాడు. నాలుగడుగులు వేశాడో లేదో, సవతి జారింది. డ్రైవరు కెవ్వుమని తిరిగి, చేతికందిన రాయి పట్టుకుని లారీ వైపు దూకాడు. దాని దారిలోనే ఎస్సై నిలబడి ఉన్నాడు.

"కాల్చుండ్రి!" అని అరిచింది చిన్నమ్మ. ఆవరణంతా మారుమోగింది. "సూస్తరేంది, కాల్చుండ్రి! ఆయిన చేతిల గూడ రాయి ఉన్నది గద!"

ఎవరూ కాల్చలేదు. లారీ ఎస్సై గారి సైకిలు ఎక్కి, మంచినీళ్ల కుండలు పగలగొట్టి, రాయి అడ్డం పడ్డాక ఆగింది. ఎస్సై గోడకు ఆనుకుని చెమట తుడుచుకున్నాడు. లోపలికి చూసి, "ఆ మొద్దు తీసుకురండి" అన్నాడు.

ఆ కేసు తర్వాత ముందుకు కదల్లేదు. లైసెన్సు చిన్నాయన చేతికొచ్చింది. తప్పయిందని మాత్రం ఒక్కరూ అనలేదు. పత్రిక కూడా వేయలేదు, నేను రోజూ వెతికాను. హోటల్లో ఈ కథ చెబితే, గుమాస్తా గ్లాసు దించి, "ఆ డ్రైవరు పోలీసు బట్టల్లో ఉన్నాడు కదండీ, అందుకని…" అన్నాడు.

"మేము గూడ గదే అంటున్నం సారూ" అన్నాడు హోటలాయన. ఆ పూట చాయ్ ఊరికే పోశాడు.

చిన్నాయన ఎడమ చెయ్యి మళ్లీ భుజం దాటి లేవలేదు. అయినా లారీ ఎక్కుతానన్నాడు. చిన్నమ్మ రెండు రోజులు కొట్లాడింది. మూడో రోజు సద్ది కట్టి, "నువ్వు గూడ పో" అని నన్ను తోలింది. నేను వర్క్‌షాపుకు సెలవు పెట్టి పక్కన కూర్చున్నాను. మొద్దు నా కాళ్ల దగ్గరుంది.

గుట్ట దిగేచోట అదే కానిస్టేబులు. చెయ్యెత్తబోయి లారీని గుర్తుపట్టి మధ్యలో ఆగిపోయాడు. చిన్నాయన బ్రేకు తొక్కి, పెడలు మీద కాలు అదిమిపెట్టి ఉంచాడు. నేను మొద్దు అందుకుని తలుపు తీయబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. కిటికీలోంచి తల బయటపెట్టి పిలిచాడు.

"ఓ తమ్మీ! నేను దిగ. నా కాలు తీస్తే బండి నీ మీదికే వస్తది. జర నువ్వే అడ్డం పెట్టు."

నా చేతిలోని మొద్దు లాక్కుని కిటికీలోంచి రోడ్డు మీదికి విసిరాడు. ఆ అబ్బాయి దాన్నీ మమ్మల్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత తుపాకీని పక్కనున్న రాతిగుండుకు ఆనించి, మొద్దు రెండు చేతులా ఎత్తి, చక్రం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"గట్ల గాదు" అన్నాడు చిన్నాయన. "ఇంకా లోపలికి తొయ్యి. భయపడకు, నేను తొక్కే ఉన్న."